సంఖ్య తగ్గినా సడలని రక్షణ

ద్రాక్షారామం నుంచి కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు వెళ్లే విద్యార్థికైనా, పల్లె ఆసుపత్రిలో ఇంజెక్షన్లు చేసే నర్సమ్మకైనా రోజూ సూదులతోనే పని. హెపటైటిస్-బి రోగికి వాడిన సూది పొరపాటున గుచ్చుకుంటే, టీకా వేయించుకోనివారికి వైరస్ సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. ఆ ముప్పు నుంచి కాచే టీకా పనితనం ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఈ టీకాలో వైరస్ ఉండదు, దాని పైపొర ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. ఆ ప్రొటీన్ తయారీని హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ పికియా అనే ఈస్ట్‌కు అప్పగించింది. వైరస్ జన్యువును ఈస్ట్‌లో చేర్చి మిథనాల్ అందిస్తే ఆ జన్యువు పనిలోకి దిగుతుంది. కణాలను పగలగొట్టి శుద్ధి చేస్తే సుమారు 22 నానోమీటర్ల రేణువులు మిగులుతాయి. వాటిని అల్యూమినియం లవణానికి అంటిస్తారు. సీసా గడ్డకడితే ఆ పట్టు చెడి టీకా పనికిరాకుండా పోతుంది. అందుకే 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉంచాలి. 1997లో షాన్‌వాక్-బి పేరుతో విడుదలైన ఈ టీకా, విదేశీ సరుకు వందల రూపాయలు పలుకుతున్న రోజుల్లో మామూలు కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది.

అసలు గొప్పతనం మాత్రం ఒంట్లోకి వెళ్లాక తెలుస్తుంది. సున్నా, ఒకటి, ఆరు నెలల్లో మూడు డోసులు పడ్డాక రక్తంలో యాంటీబాడీలు మిల్లీలీటరుకు 10 మిల్లీ అంతర్జాతీయ యూనిట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. పసితనంలో టీకా పడిన విద్యార్థికి ఎంబీబీఎస్‌లో చేరాక పరీక్ష చేస్తే తరచూ అంతకంటే తక్కువే కనిపిస్తుంది. అయినా మూడు డోసులకూ ఒకసారి బాగా స్పందించిన ఒంట్లో జ్ఞాపక కణాలు మిగిలే ఉంటాయి. ఈ వైరస్ జబ్బుగా బయటపడటానికి సాధారణంగా రెండు మూడు నెలలు పడుతుంది. జ్ఞాపక కణాలు యాంటీబాడీలను తిరిగి సిద్ధం చేయడానికి కొద్ది రోజులు చాలు. శత్రువు నిదానం మీదే ఈ రక్షణ నిలబడింది. అలాస్కాలో టీకా వేయించుకున్నవారిని 30 ఏళ్ల తర్వాత పరీక్షిస్తే, అత్యధికుల్లో రక్షణ ఇంకా ఉందని తేలింది.

కొద్దిమందికి మాత్రం మొదటి మూడు డోసులకూ స్పందన రాదు. వైద్య వృత్తిలో ఉన్నవారు ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. మూడో డోసు పడిన నెల రెండు నెలల్లో పరీక్ష చేయించుకోండి. ఫలితం చాలకపోతే మళ్లీ మూడు డోసులు వేయించుకోండి. టీకా కార్డును డిగ్రీ పట్టాతో పాటు భద్రపరచుకోండి.