‘ఇంటి మనిషి’ అనే మాట వెనక

మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకోడానికి మనిషిని ఎట్లా కుదుర్చుకోవాలో చెప్పే రాతలు ఈమధ్య చాలా వస్తున్నాయి. పేపర్ల కుటుంబం పేజీల్లోనూ, ఏజెన్సీల కరపత్రాల్లోనూ చూస్తున్నాం. ఆధార్ కార్డు తీసుకోండి, పోలీసు విచారణ చేయించండి, బీరువా తాళాలు జాగ్రత్త, గదిలో కెమెరా పెట్టండి అంటాయి. చివర్లో ఒక మంచిమాట: ఆమెను ఇంటి మనిషిలా చూసుకోండి. ఈ రాతల్లో భయాలన్నీ పెట్టుకునేవాళ్లవే. పనికొచ్చే ఆమెకు ఊరుండదు, కులముండదు, నిద్ర కూడా ఉండదు. ఆ చివరి మంచిమాట గురించే మేం మాట్లాడదలచుకున్నాం.

ఇంటి మనిషంటే ఎవరు? జీతం అడగనిది, సెలవు లేనిది, ఏ రాత్రి పిలిచినా లేచేది. అంటే కోడలు. కోడలికైనా ఎప్పుడో ఒకప్పుడు ఇంటి పెత్తనం చేతికొస్తుంది. ఈమెకు అదీ రాదు. జీతం పెంచమన్నప్పుడూ, ఆదివారం చర్చికి పోతానన్నప్పుడూ మాత్రమే ‘నిన్ను ఇంట్లో మనిషిలా చూసుకున్నాం గదా’ అన్న మాట బయటికొస్తుంది. ఈ మాట ప్రేమ కాదు, బేరం.

పోనీ, నిజంగా ఇంటి మనిషినే చేసుకుంటున్నారా? పనికి కుదిరే రోజు మొదటి ప్రశ్న ‘మీరేమిట్లమ్మా?’ నేరుగా అడగలేనివాళ్లు ఇంటిపేరు అడుగుతారు. క్రైస్తవులమండీ అంటే అది కూడా కులంగానే వినబడుతుంది. ఆ తర్వాత పళ్లెం, గ్లాసు వేరవుతాయి. ముసలాయన మలమూత్రాలు ఎత్తడానికి ఆ చెయ్యి కావాలి. ఫ్రిజ్‌లో నీళ్ల సీసా తీయడానికి మాత్రం పనికిరాదు. రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసిన అంటరానితనం 1950 తర్వాత కూడా వంటింటి గడప దగ్గర కాపలా కాస్తూనే ఉంది.

ఇది కొత్త సంగతి కాదు. ఊళ్లలో మంత్రసానితనం చేసినవాళ్లలో మాల, మాదిగ, చాకలి, మంగలి ఆడవాళ్లే ఎక్కువ. బిడ్డను మొదట అందుకునేది వాళ్ల చేతులే. పురుడయ్యాక ఆ చేతులు తగిలాయని కూడా మైల కడుక్కునేవాళ్లు. ఇప్పుడు బతుకు రెండో చివర కూడా అదే చేతుల్లో పెట్టారు. కులమంటే పనుల విభజన కాదు, పనిచేసే మనుషుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే వివరించారు. ఒక్క రోగి గదిలో ఆ మెట్లన్నీ కనిపిస్తాయి. ఫిజియోథెరపిస్టుకు కుర్చీ, నర్సుకు స్టూలు, వంటమనిషికి వంటిల్లు, ఈమెకు మంచం పక్కన నేల.

ఇక పని లెక్క చూద్దాం. కదల్లేని రోగికి పడకపుండ్లు రాకుండా సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చమంటారు డాక్టర్లు. అంటే రోజుకు 12 సార్లు. ‘24 గంటల మనిషి’ పేరుతో ఒక్కరినే పెట్టుకుంటే ఆమె నిద్రపోయేది ఎప్పుడు? ఆమె నిద్రపోతే రోగి ఒంటికి పుండ్లు, మేలుకుంటే ఆమె ఒంటికి జబ్బు. పగలొకరు, రాత్రొకరు ఉండాలనడం దయ కాదు, లెక్క.

చట్టం ఈ పనిని అసలు చూడలేదని కూడా అనలేం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ఇంటిని కూడా పనిచోటుగానే లెక్కించింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్లకు ప్రత్యేక చట్టం సంగతి పరిశీలించే కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది. గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి మన ఆడవాళ్లు ఇదే పనికి కువైట్ పోతున్నారు. అక్కడ వాళ్ల కష్టాలు తెలియనివి కావు. అయినా ఆ దేశం 2015లో చేసిన చట్టంలో వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు రాసి ఉన్నాయి. హైదరాబాదు అపార్టుమెంట్లో ఆ కాగితం ఏది?

ఇప్పుడు మన మాట. చదువుకుని టీచర్లమయ్యాం, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో చేరాం. మన అమ్మలూ మంచాన పడుతున్నారు. మనమూ మనిషిని వెతుకుతున్నాం. గోడ మీద అంబేడ్కర్ ఫొటో చూసి మర్నాడు పనికి రాని ఆయాల గురించి మన మిత్రులు చెబుతుంటారు. ఆ అవమానం మనకు తెలుసు. కానీ పనికొచ్చిన రెల్లి ఆమెకు మనం ఏ గ్లాసులో టీ ఇస్తున్నామో కూడా చెప్పుకోవాలి. అమ్మ పాచిపని గురించి కవిత్వం రాసినవాళ్లం మన ఇంట్లో పనిచేసే ఆమెకు ఆదివారం సెలవిస్తున్నామా? ఇయ్యకపోతే ఆ కవిత్వం ఎవరి కోసం?

అందుకే మేం ప్రేమ కంటే ముందు కాగితం అడుగుతున్నాం. ఆమె చేయాల్సిన పనేదో, చేయనక్కర లేనిదేదో రాయాలి. రోగిని చూసుకునే ఆమెతో ఇంటిల్లిపాదికీ వంట చేయించడం, బట్టలుతికించడం కుదరదు. పని గంటలు, వారపు సెలవు, జీతం అందే తారీఖు రాయాలి. ఏజెన్సీ మధ్యలో ఎంత కోసుకుంటున్నదో అడిగి తెలుసుకోవాలి. చేతులకు తొడుగులు, పడుకోడానికి మంచం, అందరూ తినే పళ్లెం ఇయ్యాలి. నడుము పట్టేయకుండా రోగిని లేపే పద్ధతి ఎవరో ఒకరు నేర్పాలి. కులం అడగొద్దు.

ఇంకొకటి ఏ రాతలోనూ మాకు కనిపించలేదు. రోగి పోయిన రోజే ఆమె పనీ పోతుంది. శవానికి స్నానం కాకముందే ఆమె సంచి గుమ్మం బయటికొస్తుంది. నెలల తరబడి ముద్ద కలిపి తినిపించిన ఆమెకు పెద్దదినానికి కబురుండదు. ఇంటి మనిషి అన్న మాట అబద్ధమని తేలేది ఆ రోజునే. ఆ రోజు తర్వాత ఒక నెల జీతం ఇస్తామని ముందే, కుదుర్చుకునే రోజునే రాయాలి. అది రాయడానికి చెయ్యి రానివాళ్లు ఆమెను ఇంటి మనిషి అనడం మానుకోవాలి.