మూడు వేల గీత: తిరుత్తణి నుంచి రెండు నివేదికల పఠనం

ఒక విద్యాసంస్థలో ఎంతమంది చదవాలి? స్వతంత్ర భారతదేశంలో ఈ ప్రశ్నకు అంకె వేసి జవాబు చెప్పిన పత్రాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి 1949 ఆగస్టులో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన వెలువడిన విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ నివేదిక, రెండోది 2020 జాతీయ విద్యా విధానం. విద్యార్థుల రద్దీ నివారించడానికి బోధనా విశ్వవిద్యాలయంలో ఆర్ట్స్, సైన్స్ విభాగాలకు కలిపి 3,000 మందిని, అనుబంధ కళాశాలకు 1,500 మందిని గరిష్ఠ పరిమితిగా పెట్టమని మొదటిది సిఫారసు చేసింది. ప్రతి ఉన్నత విద్యాసంస్థా 3,000 మంది, లేదా అంతకు మించి, విద్యార్థులుండే పెద్ద బహుళ శాస్త్ర సంస్థగా ఎదగాలని రెండోది కోరింది. డెబ్బై ఏళ్లలో అంకె మారలేదు. అప్పుడు పైకప్పుగా ఉన్నది ఇప్పుడు పునాది అయింది.

ఈ రెండు పత్రాలనూ తిరుత్తణి నుంచి చదవడానికి కారణం ఉంది. రాధాకృష్ణన్ 1888 సెప్టెంబర్ 5న పుట్టిన ఊరు అది. తెలుగు మాట్లాడే ఇంట పుట్టి, ఆ ఊళ్లో అక్షరాలు దిద్ది, పై చదువుకు తిరుపతి, వేలూరు, మద్రాసు దాకా వెళ్లాడాయన. ఆ ఊళ్లోనే ఉండి పై చదువు చదివే దారి ఆ కాలంలో లేదు. ఇవాళ సుబ్రహ్మణ్యస్వామి పేరుతో అక్కడ ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ఉంది, మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా. తిరుత్తణి ఉన్న తిరువళ్లూరు జిల్లా కేంద్రంలో 2022 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. ఉన్నత విద్య ఎంత విస్తరించిందో, ఆ విస్తరణలో ఏం మిగిలిపోయిందో ఈ ఒక్క జిల్లాలో చూడవచ్చు.

ముందు 1949 నివేదిక. దాన్ని రాసిన బృందం గొప్పది. మేఘనాద్ సాహా, జాకిర్ హుస్సేన్, తారాచంద్ అందులో ఉన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయాన్ని 1942 నుంచి 27 ఏళ్లు వైస్ ఛాన్సలర్‌గా నడిపిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ ఉన్నారు. విదేశీ సభ్యుల్లో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది జాన్ టైగర్ట్. 1928 నుంచి 1947 దాకా ఆయన ఫ్లారిడా విశ్వవిద్యాలయ అధ్యక్షుడు. రెండో ప్రపంచ యుద్ధం ముగియగానే, 1944 నాటి చట్టం ఇచ్చిన చదువు ఖర్చుతో మాజీ సైనికులు అమెరికా రాష్ట్ర విశ్వవిద్యాలయాల మీదికి వెల్లువలా వచ్చారు. ఫ్లారిడాలో వాళ్లకీ వాళ్ల కుటుంబాలకీ సైన్యం వదిలేసిన బ్యారక్‌లను తెచ్చి ఆవరణలో ఇళ్లుగా నిలబెట్టారు. విద్యార్థుల సంఖ్య ఒక్కసారిగా పెరిగితే ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయానికి ఏమవుతుందో కళ్లారా చూసిన మనిషి, ఏడాదిన్నర తిరగకుండానే మన కమిషన్‌లో కూర్చున్నాడు. మూడు వేల గీత ఆయనే గీయించాడని అనడం లేదు. రద్దీ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ బల్ల చుట్టూ ఉన్నారని మాత్రం మరచిపోకూడదు.

ఆ గీతకు ఆధారం ఉపాధ్యాయుడు. నివేదికలో కళాశాల బోధన గురించిన సిఫారసులు చదివితే అది తెలుస్తుంది. ఏడాదికి పరీక్ష రోజులు మినహా కనీసం 180 పనిదినాలుండాలి. ఉపన్యాసాలకు తోడు ట్యుటోరియల్స్ నడవాలి. డిగ్రీ విద్యార్థులు ఆరుగురికి మించని జట్లుగా ఉపాధ్యాయుడి దగ్గరికి రావాలి. ఈ ఆరు అనే అంకెను పట్టుకుని లెక్క వేద్దాం. 1,500 మంది ఉన్న కళాశాలలో 250 జట్లు అవుతాయి. ఒక అధ్యాపకుడు వారానికి పది జట్లను చూడగలడనుకున్నా, పాఠం చెప్పే పని కాకుండా ఈ ఒక్క పనికే 25 మంది కావాలి. అంటే పరిమితి పెట్టినవాళ్లు గదులను, బెంచీలను లెక్కపెట్టలేదు. ఒక గురువు ఎంతమంది పిల్లల రాతను చదివి, ఎంతమంది తప్పును పక్కన కూర్చోబెట్టుకుని దిద్దగలడో లెక్కపెట్టారు.

ఇక్కడిదాకా నా మనసు ఈ నివేదిక వైపే. కానీ దీనిలో ఒక లోపం ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. గరిష్ఠ పరిమితి ఏ విద్యార్థిని బయట నిలబెడుతుందన్న ప్రశ్నకు ఈ పత్రంలో బలమైన జవాబు దొరకదు. నూరు సీట్లకు వెయ్యిమంది వస్తే లోపలికి పోయేవాళ్లెవరో మనకు తెలుసు: ఇంట్లో ఇంతకు ముందే చదువు ఉన్నవాళ్లు. తిరుత్తణి దగ్గరి పొదటూరుపేటలో మగ్గాల మీద బతికే ఇంటి ఆడపిల్ల ఆ వరసలో చివర నిలబడేది. కమిషన్ దీనికి ఒక మార్గం చూపకపోలేదు. మరో విదేశీ సభ్యుడు ఆర్థర్ మోర్గన్ ఆలోచనతో గ్రామీణ విశ్వవిద్యాలయాలను ప్రతిపాదించింది: పల్లెల మధ్య ఒక కేంద్రం, చుట్టూ సుమారు 300 మంది చొప్పున చదివే చిన్న కళాశాలలు, అన్నీ కలిపి 2,500కి మించకుండా. పెద్ద సంస్థను ఇంకా పెంచకుండా చిన్న సంస్థల సంఖ్య పెంచాలన్న ఆ ఊహ చాలా విలువైనది. 1956లో గాంధీగ్రామ్ వంటి కొన్ని గ్రామీణ సంస్థలు వచ్చాయి, అంతటితో ఆగింది. గీత గీసినవాళ్లు గీత అవతల ఉన్నవాళ్లకు కట్టమన్న బడి కట్టనే లేదు.

2020 విధానం మరో వైపు నుంచి మొదలవుతుంది. చిన్న కళాశాలలు దేశమంతా చెదిరిపోయి ఉన్నాయని, చాలావాటిలో ఒకే కోర్సు నడుస్తోందని, గ్రంథాలయం, ప్రయోగశాల, పరిశోధన ఏవీ సరిగా లేవని దాని ఫిర్యాదు. అది అబద్ధం కాదు. కళాశాల వయసువారి సంఖ్యతో పోల్చి చూసే స్థూల నమోదు నిష్పత్తిని, 2018లో 26.3 శాతంగా ఉన్నదాన్ని, 2035 నాటికి 50 శాతానికి చేర్చాలని, పదిహేనేళ్లలో అనుబంధ కళాశాలల పద్ధతినే క్రమంగా ఎత్తేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఇక్కడ మూడు వేల అంకెకు ఆధారం సంస్థ: ఎంతమంది ఉంటే వనరులు గిట్టుబాటవుతాయన్న లెక్క. అధ్యాపకుడిపై భారం మితిమీరకూడదని ఈ పత్రమూ అంటుంది. అయితే 1949 నాటి ఆరుగురి జట్టు అంత స్పష్టంగా, చేతికి అందేలా ఏ మాటా దీనిలో కనిపించదు. లక్ష్యాలకు గడువు ఉంది, నియామకాలకు గడువు లేదు.

తమిళనాడు ఈ విధానాన్ని ఒప్పుకోలేదు. తన సొంత రాష్ట్ర విద్యా విధానం కోసం 2022లో జస్టిస్ డి. మురుగేశన్ నాయకత్వాన కమిటీ వేసుకుంది. అయినా కేంద్రం 2035కి పెట్టిన లక్ష్యం దగ్గరికి ఇప్పటికే చేరింది: 2021-22 అఖిల భారత సర్వేలో దేశం నిష్పత్తి 28.4 శాతమైతే తమిళనాడుది 47. ఆంధ్రప్రదేశ్ 36.5, తెలంగాణ 40 దగ్గర ఉన్నాయి. సంస్థల పరిమాణం పెంచి సాధించిన అంకె కాదిది. బడిలో అన్నం, ఉచిత బస్సు పాసు, 69 శాతం రిజర్వేషన్, ఊరి దాపులో ప్రభుత్వ కళాశాల, ఇవన్నీ దశాబ్దాల పాటు కలిసి చేసిన పని. ప్రభుత్వ బడిలో చదివి కళాశాలలో చేరిన అమ్మాయికి నెలకు వెయ్యి రూపాయలిచ్చే ‘పుదుమై పెణ్’ పథకం 2022 సెప్టెంబర్ 5న, తిరుత్తణి బిడ్డ పుట్టినరోజున, మొదలైంది. పళ్లిపట్టు వైపు నుంచి బస్సెక్కి కళాశాలకు వచ్చే ఆడపిల్లకు ఆ వెయ్యి చిన్న మొత్తం కాదు. పెళ్లి మాట మూడేళ్లు వాయిదా వేయించగల మొత్తం అది. ఈ విస్తరణను తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ లోపలికి వచ్చిన తరవాత? తమిళనాడు ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలలు కొన్నింటిలో ఉదయం ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒక షిఫ్టు నడుస్తాయి. డిమాండు చూసి 20 శాతం అదనపు సీట్లకు అనుమతి ఇస్తారు. పాఠం చెప్పేవాళ్లలో పెద్ద వంతు గెస్ట్ లెక్చరర్లు. వాళ్లకు ఏడాదికి 11 నెలలే జీతం. ఆంధ్రాలో మరో రకం: విశ్వవిద్యాలయాల్లో మూడు వేలకు పైగా అధ్యాపక పోస్టులకు 2023 చివర వెలువడిన నోటిఫికేషన్లు కోర్టు వివాదాల్లో చిక్కుకున్నాయి. సరిహద్దుకు ఇటూ అటూ సీటు పెంచే ఉత్తర్వు వేసవిలో వచ్చేస్తుంది, మాస్టారును వేసే ఉత్తర్వుకు ఏళ్లు పడతాయి.

దీని ఫలితం అంకెల్లో కనబడదు, కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో కనబడుతుంది. టైట్రేషన్‌లో బ్యూరెట్ కొళాయిని వేళ్లతో మెల్లగా తిప్పుతూ చుక్క చుక్కగా వదలాలి. ఫ్లాస్కులో ద్రావణం లేత గులాబీకి తిరిగిన క్షణంలో ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే రంగు ముదిరిపోతుంది, రీడింగ్ చెడుతుంది. అది చేతికి అలవాటు కావాల్సిన విద్య. ఒక స్టాండు చుట్టూ నలుగురైదుగురు నిలబడితే కొళాయి ఒకరి చేతిలోనే ఉంటుంది, తక్కినవాళ్లు ఆ రీడింగ్‌నే రికార్డులో ఎక్కించుకుంటారు. అందరికీ ఇంటర్నల్ మార్కులు వస్తాయి, అందరికీ డిగ్రీ వస్తుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో మాత్రం ఒక్కరే నోరు విప్పగలుగుతారు. ఇంట్లో చెప్పేవాళ్లున్న పిల్లవాడు ఎలాగో నెట్టుకొస్తాడు. మొదటి తరం విద్యార్థికి ఆ ల్యాబ్ ఒక్కటే దిక్కు.

విశ్వవిద్యాలయాల ఖజానా సంగతి వేరే చిక్కు. 1857లో మొదలైన మద్రాసు విశ్వవిద్యాలయం ఎదుగుదలంతా విభజనలే: 1926లో ఆంధ్ర, 1929లో అణ్ణామలై, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, తరవాత మదురై, కోయంబత్తూరు, తిరుచ్చి, 2002లో వేలూరు. అనుబంధ విశ్వవిద్యాలయానికి పరీక్ష ఫీజులు, అనుబంధ రుసుములు, దూరవిద్య పెద్ద ఆదాయ మార్గాలు. కళాశాలలు విడిపోయినప్పుడు ఆ ఆదాయం విడిపోతుంది, పెన్షన్ భారం పాత ఇంట్లోనే ఉంటుంది. 2024 తొలినాళ్లలో పన్ను బకాయిల పేరుతో ఆదాయపు పన్ను శాఖ మద్రాసు విశ్వవిద్యాలయం బ్యాంకు ఖాతాలనే స్తంభింపజేసే దాకా వచ్చింది. కాలిఫోర్నియా 1960లో తన విస్తరణకు పథకం రాసుకున్నప్పుడు పరిశోధన విశ్వవిద్యాలయం, రాష్ట్ర కళాశాల, అందరికీ తలుపు తెరిచే కమ్యూనిటీ కళాశాల అని పనులు విభజించుకుంది. ఆ పథకంలోనూ ఎత్తుపల్లాలున్నాయి, కానీ ఎవరు ఏం చేయాలో రాసి ఉంది. మన 2020 పత్రమూ పరిశోధనకు ప్రాధాన్యమిచ్చే విశ్వవిద్యాలయం, బోధనకు ప్రాధాన్యమిచ్చే విశ్వవిద్యాలయం, డిగ్రీ ఇచ్చే స్వయంప్రతిపత్తి కళాశాల అని రకాలు చెప్పింది, కానీ ప్రతిదాన్నీ పెద్దది కమ్మంటోంది. తిరుత్తణి కళాశాల అంత పెద్దది కానక్కరలేదు, మంచి డిగ్రీ కళాశాల అయితే చాలు.

రెండు పత్రాలూ కలిసి చూడని సంగతి ఇంకొకటి ఉంది. ప్రాంతీయ భాషలో ఉన్నత విద్య సాగాలని 1949 నివేదిక, మాతృభాషకు పెద్దపీట వేయాలని 2020 విధానం చెప్పాయి. ప్రాంతానికి ఒకే భాష ఉంటుందన్న నమ్మకం రెండింటి అడుగునా ఉంది. కమిషన్ నివేదిక నాటికి తిరుత్తణి ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో, చిత్తూరు జిల్లాలో ఉంది. ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ జిల్లాతోపాటే ఆంధ్రలో చేరింది. తమిళ నాయకుడు మా.పొ.శివజ్ఞానం నడిపిన ఉద్యమం తరవాత, సరిహద్దు మధ్యవర్తి పటాస్కర్ నిర్ణయం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. సత్యవేడు వైపు ఊళ్లు ఆంధ్రాకు వచ్చాయి. గీత మారింది, ఇళ్లలో మాటలు మారలేదు. 2006 చట్టం తరవాత పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి అయిన బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, కళాశాలలో ఇంగ్లిషు పుస్తకం పట్టుకునే అమ్మాయికి మూడు భాషలు చెవిన పడ్డాయి. వాటిలో ఒకదానిలోనైనా పేజీ నిండా సొంతంగా రాయడం నేర్పాలంటే ఆమె రాసింది ఎవరో ఒకరు చదవాలి. ఆమెలాంటివాళ్లు పదేసి ఊళ్ల నుంచి వస్తున్నారు, ఇంకా రావాలి. వాళ్లు చేరిన కళాశాలలో సీట్ల పెంపు ఉత్తర్వు మీద సంతకం చేసే చెయ్యే, అదే రోజు, అదే కాగితం మీద, పర్మనెంట్ అధ్యాపక పోస్టులు ఎన్నో కూడా రాయాలి. 1949 నివేదికలోని మూడు వేల గరిష్ఠ పరిమితిని వదిలేయవచ్చు. ఆరుగురి జట్టును మాత్రం వదలకూడదు.