చారిత్రక వ్యూహక్రీడల్లో అభిమానుల మాడ్‌లు: కౌలాస్ కోట ఆధారంగా ఒక పరిశీలన

మార్కెట్లోకి వచ్చిన కంప్యూటర్ గేమ్‌లోని పేర్లను, బొమ్మలను, అంకెలను, నియమాలను అభిమానులే మార్చి ఇతర ఆటగాళ్లకు అందిస్తే దాన్ని ‘మాడ్’ అంటారు. చారిత్రక నవలను చదివేటప్పుడు కథకుడి దృక్కోణం ఏమిటని అడుగుతాం. గేమ్‌లో ఆ స్థానం నియమానిది. ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో చెప్పే నియమమే చరిత్ర పట్ల ఆ గేమ్ వైఖరిని తెలుపుతుంది. కాబట్టి మాడ్‌ను విమర్శించేటప్పుడు అది పేర్లను మాత్రమే మార్చిందా, నియమాన్ని కూడా మార్చిందా అని చూడాలి.

మంచి మాడ్ విమర్శ చేసే పనే చేస్తుంది. 2004లో వచ్చిన ‘రోమ్: టోటల్ వార్’ గేమ్ టాలమీల కాలపు ఈజిప్టును అంతకు వెయ్యేళ్ల నాటి ఫారోల ఈజిప్టులా చూపింది. ‘యూరోపా బార్బరోరమ్’ అనే మాడ్ ఆ పొరపాటును సరిదిద్దింది. ఆ పని చేసినవారు అభిమానులే.

మన దేశానికి సంబంధించిన ఉదాహరణ ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’. ఈ గేమ్ 1999లో వచ్చింది. ‘ఫర్గాటెన్ ఎంపైర్స్’ అనే అభిమానుల మాడ్ 2013లో అధికారిక విస్తరణగా మారినప్పుడు ‘భారతీయులు’ ఒకే నాగరికతగా ఇందులో చేరారు. 2022 నాటి విస్తరణలో ఆ ఒక్కటి నాలుగైంది: హిందుస్తానీలు, గుర్జరులు, బెంగాలీలు, ద్రావిడులు. ఇది ముందడుగే. అయితే ద్రావిడుల కథగా ఇచ్చింది రాజేంద్ర చోళుడిది. తెలుగువారికి విడిగా చోటు లేదు. ‘ఊట్జ్ ఉక్కు’ అనే పరిశోధన మాత్రం ద్రావిడులకు దక్కింది. ఆ ఉక్కుకు పేరుపొందిన కోనసముద్రం నేటి నిజామాబాద్ జిల్లాలోనిదే.

ఇలాంటప్పుడు అభిమానికి తట్టే మొదటి ఆలోచన కాకతీయుల పేరుతో ఒక మాడ్ చేయడం. అది సరిపోతుందా? కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతం నుంచి రెండు విషయాలు తీసుకుని చూద్దాం.

మొదటిది కోట. కామారెడ్డి జిల్లా జుక్కల్ మండలంలో కౌలాస్ కోట ఉంది. 1350 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఈ కోటను బహమనీ సుల్తానుకు వదులుకోవలసి వచ్చింది. అంటే ఒత్తిడి, ఒప్పందం వల్ల అది చేతులు మారింది. గేమ్‌లో మాత్రం శత్రువు కోటను కూల్చాలే తప్ప స్వాధీనం చేసుకునే వీలు లేదు. ఆ నియమం అలాగే ఉంటే, కోటకు ‘కౌలాస్’ అని పేరు పెట్టినా జరిగిన చరిత్రను ఆడలేం.

రెండోది నీరు. గేమ్‌లో పొలం వేయడానికి 60 కలప ఉంటే చాలు, నీటితో పని లేదు. తెలంగాణలో రాజ్యాలు నిలిచింది చెరువుల మీద. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల చెరువులు అందుకు సాక్ష్యం. ఎల్లారెడ్డి పరిసరాల్లో ఆధునిక కాలంలో కట్టిన పోచారం, నిజాంసాగర్ జలాశయాలు కూడా ఈ నేలలో సేద్యానికి నీటిని నిలపడం ఎంత అవసరమో చెబుతాయి. చెరువు లేని కాకతీయ మాడ్‌లో కాకతీయుల వేషం ఉంటుంది గానీ వారి రాజ్యం ఉండదు.

గేమ్ యుద్ధం కోసం చేసింది కదా, చెరువులెందుకని కొందరు అడగవచ్చు. కానీ సైన్యాన్ని పోషించేది పంటేనని ఆ గేమే ఒప్పుకుంటుంది. లేకపోతే అందులో పొలాలే ఉండవు.

నియమాలను మార్చడం అసాధ్యమేమీ కాదు. గేమ్‌తోపాటు వచ్చే సినారియో ఎడిటర్‌లో ఒక షరతు నెరవేరగానే కోట యాజమాన్యం మారేలా అమర్చవచ్చు. కప్పం చెల్లించలేని ఆటగాడు కౌలాస్‌ను వదులుకోవలసి వచ్చేలా చేస్తే, కాపయ నాయకుడి ఇబ్బంది ఆటగాడికీ అర్థమవుతుంది. దానికి కొత్త బొమ్మ ఒక్కటి కూడా గీయనక్కర్లేదు.

చరిత్ర పుస్తకం తెరవని యువకులు కూడా ఈ గేమ్‌లు ఆడుతున్నారు. అందులోని నియమమే వారికి గతం గురించిన జ్ఞానంగా మిగిలిపోవచ్చు. అందువల్ల మాడ్‌ను కాలక్షేపమని కొట్టిపారేయకుండా, గ్రంథాన్ని పరీక్షించినట్టే పరీక్షించాలి.

అభ్యాసం: మీ ఊరి చెరువును లేదా గడిని తీసుకోండి. దాని చరిత్ర గేమ్‌లో కనిపించాలంటే ఏ నియమాన్ని మార్చాలో పది వాక్యాల్లో రాయండి.