దెబ్బ ఫోన్‌కి, తగిలింది తలకి

‘దృశ్యం’లో హత్య జరిగిన క్షణాన్ని చాలామంది తప్పుగా గుర్తుపెట్టుకుంటారు. తన చెల్లీ అమ్మా జోలికి వచ్చిన అబ్బాయిని పెద్దమ్మాయి కొట్టి చంపిందనే చెబుతారు. ఇంకోసారి చూడండి. ఆ పిల్ల కొట్టాలనుకున్నది అబ్బాయిని కాదు, అతని చేతిలో ఉన్న ఫోన్‌ని. క్యాంపులో తను స్నానం చేస్తుండగా దొంగచాటుగా తీసిన వీడియో అందులో ఉంది. ఫోన్ పగిలితే వీడియో పోతుంది, వీడియో పోతే పీడ పోతుంది అనుకుంది. దెబ్బ తలకి తగిలింది.

మలయాళంలో జీతూ జోసెఫ్ తీసిన సినిమా 2013 డిసెంబర్‌లో, శ్రీప్రియ దర్శకత్వంలో మన వెంకటేష్ సినిమా 2014 జులైలో వచ్చాయి. పదేళ్లు దాటింది. ఈమధ్య ఆ తెలుగు సినిమాని మళ్లీ చూస్తూ కూర్చుంటే నాకు సస్పెన్స్ కంటే ఆ ఫోన్ మీదే ధ్యాస పోయింది. సినిమా మొత్తాన్నీ ఆ ఫోనే నడిపిస్తుంది. నేరానికి కారణం అదే, హత్యలో అసలు గురి అదే, తర్వాత పోలీసుల్ని పక్కదారి పట్టించే సాధనం కూడా అదే. రాంబాబు ఆ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేసి, ఊళ్లు దాటిపోయే లారీ మీద పడేస్తాడు. టవర్ లొకేషన్ లారీ వెంట పోతుంది, పోలీసులు టవర్ వెంట పోతారు.

అప్పటికే ఇలాంటి వీడియోలకి చట్టం ఉంది. 2008లో ఐటీ చట్టాన్ని సవరించినప్పుడు 66ఇ సెక్షన్ చేర్చారు. ఒకరి అనుమతి లేకుండా వాళ్ల శరీరాన్ని ఇలా చిత్రీకరించడం నేరం, మూడేళ్ల దాకా జైలు. కానీ ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరికీ ఈ సెక్షన్ గుర్తురాదు. రావడానికి వీల్లేదు కూడా. అబ్బాయి తల్లి ఐజీ. అది పక్కన పెట్టినా, కంప్లయింట్ ఇవ్వాలంటే ఆ వీడియోని స్టేషన్లో నలుగురికి చూపించాలి కదా! అందుకే ఆ సన్నివేశం ఇప్పటికీ పాతబడలేదు. ఇవాళైనా ఎంతమంది ఆడపిల్లలు ఫిర్యాదు దాకా వెళ్తున్నారు? సినిమా విడుదలైన మూడు నెలలకి, 2014 అక్టోబర్లో, హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలయ్యాయి. ఫిర్యాదు చేయడానికి ఒక వాట్సాప్ నంబర్ ఉండటం ఎంత తేడానో, రాంబాబు భార్య జ్యోతి మొహం గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది.

ఇక రాంబాబు. కేబుల్ టీవీ ఆపరేటర్. పెద్దగా చదువుకోలేదు, సినిమాలు చూశాడు. పోలీసులు ఏం అడుగుతారో, ఎలా విడివిడిగా కూర్చోబెట్టి అడుగుతారో అన్నీ సినిమాల్లోనే నేర్చుకున్నాడు. అతని ఎలిబీ చూడండి: బస్సు టికెట్టు, హోటల్ బిల్లు, సినిమా టికెట్టు. అన్నీ కాగితాలే. వాటికి తోడు కండక్టరు, హోటలాయన, థియేటర్లో ప్రొజెక్టర్ నడిపే మనిషి. ఒక తారీఖున చూసిన మనిషిని ఇంకో తారీఖున చూశామని వాళ్ల చేత మనస్ఫూర్తిగా నమ్మించాడు. వాళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. సినిమాలో నాకు అన్నిటికంటే భయం వేసే సంగతి ఇదే.

ఇదే కథ ఇప్పుడు జరిగితే? హోటల్లో యూపీఐ, టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్, సందు చివర సీసీ కెమెరా, జేబులో ఎక్కడెక్కడ తిరిగామో రాసిపెట్టుకునే మ్యాప్. రాంబాబు రెండో రోజే దొరికిపోతాడు అంటారు మా ఫ్రెండ్స్. నాకు అంత నమ్మకం లేదు. ‘దృశ్యం 2’ దీనికి ఒక జవాబు ఇచ్చింది కూడా. అందులో పోలీసులు టెక్నాలజీతోనే వస్తారు. పక్కింట్లో భార్యాభర్తల వేషంలో ఉండేది పోలీసులే, ఇంట్లో మాటలు వినే పరికరం పెడతారు, అస్థికలు దొరికాక డీఎన్‌ఏ పరీక్షకి పంపుతారు. డీఎన్‌ఏని ఎవరు మోసం చెయ్యగలరు? రాంబాబు డీఎన్‌ఏ జోలికే పోలేదు. ఆ ఎముకలున్న గదికి కాపలా కాసే మనిషితో ఏళ్ల తరబడి స్నేహం చేశాడు. కథగా చూస్తే ఇది కాస్త అతికించినట్టు ఉంటుంది, నిజమే. ఒక్క మనిషి ఇన్నేళ్లు ఇంత ముందుచూపుతో బతకడం నమ్మబుద్ధి కాదు. కానీ ఆలోచనగా గట్టిది. ఎంత గొప్ప యంత్రమైనా, దాని గది తాళంచెవి ఒక మనిషి దగ్గరే ఉంటుంది.

మన మిగతా క్రైమ్ సినిమాలకి, వెబ్ సిరీస్‌లకి ఈ సంగతి పట్టదు. వాటిలో కంట్రోల్ రూమ్ అంటే గుడి. గోడ నిండా స్క్రీన్లు, కళ్లజోడు పెట్టుకున్న కుర్రాడు, జూమ్ చెయ్ అనగానే మసకగా ఉన్న మొహం తేటగా మారిపోతుంది, పక్కన పేరూ ఊరూ వచ్చేస్తాయి. డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివిన మా అమ్మానాన్నల తరానికి కనీసం అనుమానించడంలో ఉన్న రుచి తెలుసు. క్లూ దొరికితే, అది ఎవరైనా కావాలని వదిలిందేమోనని యుగంధర్, రాజు కాసేపైనా తలలు పట్టుకుంటారు. ఇప్పటి హీరో పోలీసుకి ఆ అవసరం లేదు. స్క్రీన్ చెప్పింది, జీపు బయల్దేరింది.

స్క్రీన్ తప్పు చెబితే ఏమవుతుందో చూపించిన తెలుగు సినిమా నేను చూడలేదు. నిజంగా ఏమైందో మాత్రం పేపర్లో చదివాం. 2023 మొదట్లో మెదక్‌లో, గొలుసు దొంగతనం కేసులో సీసీటీవీలో కనిపించిన మనిషి పోలికలు ఉన్నాయని ఒక కూలీని పట్టుకెళ్లారు. అతను దొంగ కాదు. కస్టడీలో కొట్టారని ఆస్పత్రి మంచం మీద నుంచి చెప్పి, కొద్దిరోజులకి చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. అంతకు ముందే, హైదరాబాద్ రోడ్డు మీద ఆపి, మాస్కు తీయమని, వద్దంటున్నా ఫోటో తీసుకున్నారని ఒక సామాజిక కార్యకర్త ఫేషియల్ రికగ్నిషన్ మీదే హైకోర్టుకి వెళ్లాడు. బంజారాహిల్స్‌లో అంత ఎత్తున కమాండ్ కంట్రోల్ సెంటర్ కట్టుకున్న ఊళ్లో ఉంటూ, కెమెరా తప్పు పడితే ఏంటనే ప్రశ్న మన కథల్లో లేకపోవడం నాకు వింతగా ఉంటుంది. కెమెరాలు వద్దని నేను అనడం లేదు. రాత్రి పది దాటాక ఆఫీసు నుంచి నడిచొచ్చేటప్పుడు మా వీధి మొదట్లో ఉన్న కెమెరా కిందికి వచ్చాక నాకూ కొంచెం ఊపిరాడుతుంది. ఆ రెండూ ఒకే కెమెరా కావడమే కదా కథ!

ఫోన్ నేరాల మీద నేరుగా తీసినవాటిలో ఎక్కువ మాట్లాడుకున్నది ‘జామ్‌తాడా’. సౌమేంద్ర పాఢీ తీశాడు, 2020 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. జార్ఖండ్‌లో ఆ పేరున్న ఊరు నిజంగానే ఫోన్ మోసాలకి పేరుమోసింది. సిరీస్ ఉపశీర్షికలో మంచి చమత్కారం ఉంది. హిందీలో నంబర్ వస్తుంది అంటే వంతు వస్తుంది అని కూడా. అందరికీ వంతు వస్తుంది, అందరి ఫోన్ నంబరూ వస్తుంది. మొదటి ఎపిసోడ్లు చాలా బావుంటాయి. చదువబ్బని కుర్రాళ్లు, చేతిలో చవక ఫోన్లు, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని గొంతు మార్చడం. సన్నీ అనే కుర్రాడు ఇంగ్లీషు నేర్పే గుడియాని పెళ్లి చేసుకోవాలనుకోవడంలో ప్రేమ ఎంతో, వ్యాపారం అంతే. ఇంగ్లీషు వస్తే పెద్ద చేపలు పడతాయి!

తర్వాత ఏమైందో ఏమో, ఊరి రాజకీయ నాయకుడు వచ్చి కూర్చున్నాడు. అక్కణ్నించి తుపాకులు, కుర్చీ కోసం కొట్లాట. మనం వందసార్లు చూసిన ఉత్తరాది గూండా కథ అయిపోయింది. నా అసలు ఫిర్యాదు అది కూడా కాదు. అవతల ఫోన్ ఎత్తినవాళ్లు ఎక్కడ? సిరీస్‌లో వాళ్లు ఎక్కువగా ఒక గొంతు. అంకెలు చెబుతారు, పెట్టేస్తారు. మనం నవ్వుకుంటాం కూడా. మోసపోయినవాణ్ని తెలివితక్కువవాడిగా చూపించి, చూసేవాళ్లని తెలివైనవాళ్లని చేయడం ఈ కథలకి అలవాటు.

ఈ విషయంలో ఒక కమర్షియల్ సినిమా కాస్త నయం. పి.ఎస్. మిత్రన్ తీసిన తమిళ ‘ఇరుంబు తిరై’, తెలుగులో ‘అభిమన్యుడు’గా 2018లో వచ్చింది. విశాల్ హీరో. దొంగ కాగితాలు పెట్టి బ్యాంకు లోను తీసుకుంటాడు, ఆ డబ్బు ఖాతాలోంచి మాయమవుతుంది. అతను ఫిర్యాదు చేయాలంటే ముందు తన అబద్ధం బయటపడుతుంది. మోసపోయినవాడి నోరు ఎలా మూతపడుతుందో ఆ కాసేపట్లో బాగా పట్టుకున్నారు. ఆ తర్వాత అర్జున్ వచ్చాడు. నల్లకోటు, చీకటి గది, సర్వం తెలిసిన హ్యాకర్. అంతే, సమస్య మన నుంచి వెళ్లిపోయి విలన్‌దైపోయింది.

మా బంధువుల్లో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఉన్నారు. కిందటేడాది ఆయన్ని రెండు రోజులు ‘డిజిటల్ అరెస్ట్’ చేశారు. అంటే వీడియో కాల్ కట్ చేయనివ్వకుండా కూర్చోబెట్టారు. వెనక పోలీసు స్టేషన్ సెట్, మీద యూనిఫాం, మధ్యలో సార్ లైన్లోకి వస్తున్నారు అంటూ హడావుడి. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. 2024 అక్టోబర్లో ప్రధాని ‘మన్ కీ బాత్’లో కూడా ఈ మాట చెప్పారు. ఆయన అది విన్నారట. అయినా పడ్డారు. ఎందుకంటే ఆయన జీవితంలో ఎప్పుడూ స్టేషన్ మెట్లెక్కలేదు. పోలీసు ఎలా మాట్లాడతాడో ఆయనకి సినిమాల వల్లే తెలుసు, వాళ్లు అచ్చం అలాగే మాట్లాడారు. సినిమాలు చూసి రాంబాబు పోలీసుల్ని బోల్తా కొట్టించాడు. అవే సినిమాలు చూసి ఈయన దొంగల్ని పోలీసులనుకున్నాడు. ఈయనని అనుకోవడం ఎందుకు, అదే ఏడాది ఒక పెద్ద వస్త్ర పరిశ్రమ గ్రూపు ఛైర్మన్‌కి సుప్రీంకోర్టు విచారణనే నకిలీగా చూపించి 7 కోట్లు లాగేశారు.

బ్యాంకులో కౌంటర్ దగ్గరి అమ్మాయి, ఇంత డబ్బు ఎందుకు సార్ అని అడిగిందట. మనవరాలి ఫీజు అని చెప్పారట. అలా చెప్పమని వాళ్లే నేర్పారు. హైదరాబాద్‌లో బ్యాంకు ఉద్యోగులు ఇలాంటి పెద్దవాళ్ల మొహం చూసి అనుమానపడి, కూర్చోబెట్టి ఆపిన వార్తలు కొన్ని చదివాను. ఈయన విషయంలో ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న అడగలేదు. పిల్లలకి మూడు నెలల తర్వాత తెలిసింది.

మూడు నెలలు అనేది ఇక్కడ ముఖ్యం. ఎందుకంటే ఈ నేరాన్ని ఆపే టెక్నాలజీ కూడా ఉంది, అది గంటల మీద నడుస్తుంది. 1930కి ఫోన్ చేస్తే ఫిర్యాదు బ్యాంకుకి వెళ్తుంది, డబ్బు ఏ ఖాతాలో పడిందో అక్కడ దాన్ని కదలకుండా ఆపుతారు. ఈలోపు అది ఇంకో ఖాతాకి, అక్కణ్నించి పది ఖాతాలకి చీలిపోతూ ఉంటుంది. ఆ ఖాతాలు కమీషన్‌కి ఆశపడి పాస్‌బుక్కూ సిమ్మూ అప్పగించిన కాలేజీ కుర్రాళ్లవి, కూలీలవి. ఇంతకంటే ఉత్కంఠ ఉన్న ఛేజ్ ఏ రచయితకి దొరుకుతుంది? కారు లేదు, తుపాకీ లేదు. ఒకవైపు డబ్బు పరుగు, ఒకవైపు దాని వెంట పడే సిస్టమ్, మధ్యలో చెప్పుకోవడానికి సిగ్గుపడి గదిలో కూర్చున్న ఒక పెద్దాయన. ఆయన సిగ్గే దొంగలకి దొరికిన సమయం. ‘దృశ్యం’లో ఆ తల్లీకూతుళ్లు నోరు విప్పలేకపోయింది కూడా ఆ సిగ్గు వల్లే. పదేళ్లలో ఫోన్లు ఎన్నో మారాయి, ఇది మాత్రం అక్కడే ఉంది.

ఇంకో కథ కూడా ఉంది, అది మనదే. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు చెబితే అప్పులు చేసి కంబోడియా వెళ్లిన మన కుర్రాళ్లని అక్కడ గదుల్లో పెట్టి, మన దేశంలోవాళ్లకే ఫోన్లు చేసి మోసం చేయమన్నారు. చెయ్యనంటే కొట్టారు, తిండి పెట్టలేదు. ‘జామ్‌తాడా’ కుర్రాళ్లలా వీళ్లకి బైకులూ లేవు, రాత్రి పార్టీలూ లేవు. ‘అభిమన్యుడు’ విలన్‌లా కోటూ లేదు. బయట గేటుకి తాళం, చేతిలో ఒక స్క్రిప్టు. దీన్ని రాయగలిగినవాళ్లు తెలుగులోనే ఉండాలి. గాజువాక కుర్రాడు అక్కణ్నించి కాల్ కలిపి, హలో అన్న గొంతులో తన ఊరి యాస విన్నాక తర్వాతి లైను చదువుతాడా లేదా అన్న దగ్గర, ఫోన్‌కి రెండువైపులా ఉన్న మనుషులిద్దరూ తెలిసిన రచయిత ఎవరైనా ఉంటే ఆ నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను.