గీతలు లేని గ్రేటింగ్

గ్రేటింగ్ అనగానే గాజు మీద వజ్రపు మొనతో గీసిన సన్నని గీతలు గుర్తొస్తాయి. ద్రవ స్ఫటికపు గ్రేటింగులో అసలు గీతలే ఉండవు.

గ్రేటింగ్ చేసే పని, అంటే కాంతిని వేర్వేరు దారులకు వంచి రంగులుగా విడదీయడం, చూడడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఆపేసిన ఫోన్ తెర మీద మరో ఫోన్ టార్చి వెలుగు పడనిస్తే, ఆ ప్రతిబింబం చుట్టూ రంగుల చుక్కలు నాలుగు దిక్కులా బారులు తీరతాయి. అది తెరలోని గళ్ల పని. ద్రవ స్ఫటికం తానే గ్రేటింగ్ అయ్యే తీరు వేరు.

ద్రవ స్ఫటికం పారుతుంది, అయినా దాని పొడవాటి అణువులు ఒక దిక్కుకే మొగ్గుతాయి. ఆ పొడుగు వెంట కంపించే కాంతి నెమ్మదిస్తుంది. అడ్డంగా కంపించేది వేగంగా పోతుంది. ఇక చేయాల్సిందల్లా ఆ దిక్కును పొర పొడవునా కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ పోవడమే. పుట్టపాక నేతగాళ్లు బట్ట మీద అచ్చు వేయరు, మగ్గానికి ఎక్కకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు. ఇక్కడా నమూనా పదార్థంలోనే ఉంటుంది. కుడికీ ఎడమకీ తిరిగే ధ్రువణం (కాంతి కంపించే దిక్కు) గల రెండు లేజర్ కిరణాలను కాంతికి స్పందించే పూత మీద కలిపితే, ఆ పూతలో దిక్కులు తిరుగుతూ నమోదవుతాయి. పైన పోసిన అణువులు వాటినే అనుసరిస్తాయి.

పొర గుండా పోయాక రెండు కంపనాల మధ్య సరిగ్గా అర తరంగం తేడా రావాలి. ఆ రెండు కంపనాల వక్రీభవన గుణకాల తేడా 0.15 అయితే ఎర్ర లేజరుకు రెండు మైక్రాన్ల పైచిలుకు మందం చాలు. అప్పుడు దాదాపు కాంతంతా రెండే దారులు పడుతుంది: కుడి ధ్రువణం ఒక పక్కకు, ఎడమ ధ్రువణం రెండో పక్కకు. దిక్కు అర చుట్టు తిరగడానికి రెండు మైక్రాన్లు పడితే ఎరుపు సుమారు 18 డిగ్రీలు, నీలం 13 డిగ్రీలు వంగుతాయి. గీతల గ్రేటింగ్ మామూలుగా కాంతిని ఎన్నో దారులకు పంచేస్తుంది. రెండే దారులతో సరిపెట్టే పొదుపే ద్రవ స్ఫటికపు గ్రేటింగ్ అసలు గొప్పతనం. పొరకు అటూ ఇటూ ఉన్న గాజు పలకల మధ్య వోల్టేజీ ఇస్తే అణువులు నిటారుగా లేస్తాయి, కాంతి తిన్నగా పోతుంది.

కాంతి ఇలా పక్కకు వంగడానికి కారణం దశ, అంటే తరంగం తన చక్రంలో ఉన్న చోటు: అణువుల దిక్కు ఎంత కోణం తిరిగితే కాంతి దశ దానికి రెట్టింపు మారుతుంది. ఇలా ధ్రువణం మారడం వల్లనే దశ మారుతుందని 1956లో, బెంగళూరు రామన్ పరిశోధన సంస్థలో, 22 ఏళ్ల శివరామకృష్ణన్ పంచరత్నం రాశాడు. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్‌కు అతడు మేనల్లుడు. 1969లో ఆక్స్‌ఫర్డ్‌లో కన్నుమూశాడు. 1980లలో గాని ప్రపంచం అతని పనిని గుర్తించలేదు. మన డిగ్రీ కళాశాలల్లో గ్రేటింగ్ పాఠం చెప్పే అధ్యాపకులు ఈ పేరు కూడా నల్లబల్ల మీద రాయాలి.