నీటి రంగు అడిగే పనితనం

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రం. ఇనుముతో బతికే ఈ ఊరి మంగ్లాలోనైనా, మరే పేటలోనైనా, గేటుకూ గర్డరుకూ తుప్పు పట్టకుండా చూసే పెయింటర్‌ని తలుచుకునేవాళ్లు తక్కువ.

థిన్నర్ కలిపిన రంగు కాస్త జిడ్డున్నా సర్దుకుని అంటుకుంటుంది. కానీ ఆ థిన్నరంతా గాలిలో కలిసి, ఎండలో వాహనాల పొగతో చేరి ఓజోన్ పుట్టిస్తుంది. దానికన్నా ముందు పెయింటర్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. థిన్నర్‌కు బదులు నీరు వాడే నీటి రంగుతో ఆ బెడద చాలా తక్కువ. పనితనం మాత్రం ఎక్కువ కావాలి.

నీటి రంగులో పొరగా మారే రెసిన్ సూక్ష్మకణాలుగా నీటిలో ఉంటుంది. నీరు ఆరాక కణాలు కలిసిపోయి పొర కావాలి. మెత్తటివైతే సులువుగా కలుస్తాయి కానీ పొర గట్టిపడదు. గట్టివైతే కలపడానికి కొంత ద్రావకం కావాలి, ఉద్గారాలు పెరుగుతాయి. ఆ తూకం తయారీదారుది.

మిగతా సగం పెయింటర్‌ది. జిడ్డు మిగిలితే రంగు పరుచుకోదు. వానాకాలంలో రంగులోని నీరు ఆలస్యంగా ఆరితే పూతలోంచే తుప్పు మచ్చలు తేలతాయి. తేమ 85 శాతం దాటినా, ఇనుము వేడి తుషారాంకం (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత) కన్నా 3 డిగ్రీలైనా ఎక్కువ లేకున్నా పూత వేయొద్దన్నది ఈ పనిలో మామూలు నియమం. అలాంటి రోజున కూలి పోతుందని తెలిసీ "ఇవాళ వద్దండీ" అనగలిగినవాడే అసలు పనివాడు. డబ్బులిచ్చేటప్పుడు అతను పని ఆపిన పూటనూ, ఎమరీ కాగితంతో రుద్దిన గంటలనూ లెక్కలో వేయడం మన వంతు.