బరువు దించుకున్న బండి, బలం పెంచుకున్న బండి

ఆండీ వాలస్ అనే బ్రిటిష్ రేసు డ్రైవరు జర్మనీలోని ఏరా-లెసియన్ టెస్ట్ ట్రాక్ మీద రెండుసార్లు చరిత్రకెక్కారు. 1998 మార్చిలో మెక్‌లారెన్ ఎఫ్1 కారును గంటకు 386.4 కిలోమీటర్ల వేగంతో నడిపారు. 2019 ఆగస్టులో అదే ట్రాక్ మీద, తోక పొడిగించిన బుగాటి షిరాన్ నమూనాలో 490.484 అందుకున్నారు. రెండోది ఒకే దిశలో తీసిన కొలత. ఆ తేడా అలా ఉంచి అంకెలు చూడండి. వేగం పెరిగింది 27 శాతం. ఇంజను బలం మాత్రం 627 హార్స్‌పవర్ నుంచి 1,600కి, అంటే రెండున్నర రెట్లు పెరిగింది. గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనం లెక్కన పెరుగుతుంది కాబట్టి ఆ 27 శాతానికే బలం రెట్టింపు కావాలి. అది భౌతికశాస్త్రం అడిగే కప్పం, దాన్ని ఎవరూ ఎగ్గొట్టలేరు. పైన పోసిన మిగతా అర రెట్టు ఎక్కడ ఖర్చయిందన్నదే నా ప్రశ్న. బండి వెడల్పులోనూ, అది పీల్చాల్సిన గాలిలోనూ, దాన్ని చల్లబరిచే ఏర్పాట్లలోనూ చాలావరకు దానికి జవాబు దొరుకుతుంది.

ఎఫ్1ను రూపొందించిన గోర్డన్ మర్రే 2020 ఆగస్టులో టి.50 అనే కొత్త కారు చూపించారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పుట్టి, ఇంగ్లండులో బ్రాభమ్, మెక్‌లారెన్ జట్లకు ఫార్ములా వన్ కార్లు గీసిన ఇంజనీరు ఆయన. షిరాన్ అంతకు నాలుగేళ్ల ముందే, 2016 జెనీవా ప్రదర్శనలో బయటికొచ్చింది. ఫ్రాన్స్‌లోని మోల్షైమ్‌లో 500 కార్లు తయారయ్యాయి. టి.50 రోడ్డు కార్లు వంద మాత్రమే. షిరాన్ ధర 24 లక్షల యూరోల దగ్గర మొదలైంది, టి.50కి పన్నులు కాక 23.6 లక్షల పౌండ్లు పెట్టారు. రెండూ అపర కుబేరుల బండ్లే, రెండింటికీ డబ్బు అడ్డు కాదు. డబ్బు అడ్డు లేనప్పుడు ఒక ఇంజనీరు దేన్ని గొప్ప అనుకుంటాడో తేటగా బయటపడుతుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టడానికి కారణం అదే.

ముందు మామూలు షిరాన్ సంగతి. ఎనిమిది లీటర్ల ఇంజను, పదహారు సిలిండర్లు, నాలుగు టర్బోలు, 1,500 హార్స్‌పవర్. పెట్రోలు ఇంజను చక్రాలకు అందించే శక్తికి దాదాపు రెండింతలు వేడిగా పోతుంది. ఆ వేడిని దించడానికి షిరాన్‌లో పది రేడియేటర్లున్నాయి. నీళ్ల పంపు నిమిషానికి 800 లీటర్లు తిప్పుతుంది, ఇంజను నిమిషానికి 60,000 లీటర్ల గాలి మింగుతుంది. రేడియేటర్లకు గాలి కావాలి, గాలికి ఒంటి నిండా ద్వారాలు కావాలి. ఆ ద్వారాలే బండిని వెనక్కి లాగుతాయి, ఆ లాగుడును గెలవడానికి ఇంకొంత బలం కావాలి. బలం పెరిగితే గేర్‌బాక్సు, ఇరుసులు, బ్రేకులు, టైర్లు అన్నీ లావెక్కాలి, నాలుగు చక్రాలకూ శక్తి పంచాలి. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు సాగుతుంది ఈ లెక్క. చివరికి తూకం రెండు వేల కిలోల దగ్గర ఆగింది.

అయితే ఈ లెక్కను బుగాటి దాచుకోలేదు, దాన్నే అందంగా మలిచింది. షిరాన్‌ను పక్కనుంచి చూస్తే తలుపు వెనక పెద్ద అర్ధచంద్రపు గీత కనిపిస్తుంది. కంపెనీ స్థాపకుడు ఎటొరే బుగాటి సంతకంలోని వంపును, పాత బుగాటిల ఒంటి గీతలను గుర్తుచేసే ఆ వంపు కేవలం అలంకారం కాదు, ఇంజనుకు గాలి వెళ్లేది దాని వెనకనుంచే. నడినెత్తి మీద సాగే వెన్నుగీత ఎటొరే కొడుకు జాన్ బుగాటి గీసిన పాత కారు టైప్ 57 అట్లాంటిక్‌ను తలపిస్తుంది. ముందున్న గుర్రపు డెక్క గ్రిల్లు బుగాటి వంశచిహ్నం. వెనక భాగమంతా వేడి బయటికి పోవడానికి తెరిచి వదిలేసి, దాని మీద ఒకే ఒక్క ఎర్రదీపపు పట్టీ ఈ చివరినుంచి ఆ చివరికి గీశారు. ఆచిమ్ ఆన్‌షైట్ నాయకత్వంలోని డిజైనర్లు నిజంగా కష్టపడ్డారు. అయినా నా కంటికి షిరాన్ కండలు బిగబట్టి నిలబడ్డట్టే ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు కూడా దానికి విశ్రాంతి లేదు.

దాని లోపల నాకు బాగా నచ్చిన వస్తువు స్పీడోమీటరు. చుట్టూ డిజిటల్ తెరలున్నా అది మాత్రం ముల్లు ఉన్న అసలు మీటరు, అంకెలు 500 దాకా. బండి ఎక్కడో ఆగి ఉన్నప్పుడు అద్దంలోంచి తొంగిచూసే పిల్లవాడికి ఆ 500 కనిపించాలని అలా పెట్టామని బుగాటి వాళ్లు చెప్పారు. తెరలైతే ఇంజను ఆపగానే నల్లబడిపోతాయి. ఎవరూ చేరలేని అంకెను పిల్లల కోసం మీటరు మీద రాయడం నా మనసును తాకిన ఆలోచన. గంటకు 380 దాటాలంటే డ్రైవరు సీటు పక్కన రెండో తాళంచెవి తిప్పాలి. ఆ తాళంచెవిని చాలామంది యజమానులు ఎప్పుడూ తిప్పి ఉండరు.

షిరాన్‌కు ఇవ్వాల్సిన కితాబు మరొకటి ఉంది. 1,600 న్యూటన్ మీటర్ల టార్కు 2,000 నుంచి 6,000 ఆర్‌పీఎం దాకా చదునుగా దొరుకుతుంది. మొదట రెండు టర్బోలే పనిచేస్తాయి, 3,800 దగ్గర మిగతా రెండూ కలుస్తాయి. పికప్ కోసం ఎదురుచూడాల్సిన పనే లేదు. ఆటోమేటిక్ గేర్లు, నాలుగు చక్రాల పట్టు. ఇంత రాక్షస బలాన్ని ట్రాఫిక్‌లో సాధు జంతువులా నడిపించగలగడం అసాధారణ ఇంజనీరింగ్ విజయం. అందులో షిరాన్‌కు సాటి వచ్చేవి చాలా తక్కువ.

టి.50 దగ్గరికి వస్తే ప్రశ్నే మారిపోతుంది. గరిష్ఠ వేగం ఎంత, వంద ఎన్ని సెకన్లలో అందుతుంది అనే లక్ష్యాలు పెట్టుకోలేదని మర్రే బాహాటంగానే చెప్పారు. ఆయన పట్టు బరువు మీద. బండి మొత్తం తూకం 997 కిలోలు. ఇది అదృష్టం కొద్దీ కుదిరింది కాదు, ప్రతి వస్తువు దగ్గరా బేరమాడి సాధించింది. కాస్‌వర్త్ తయారుచేసిన పన్నెండు సిలిండర్ల ఇంజను బరువు 178 కిలోలు. ఎక్స్‌ట్రాక్ గేర్‌బాక్సు ఆరు గేర్ల మాన్యువల్, కాలితో క్లచ్ తొక్కి చేత్తో వేసుకోవాల్సిందే. కార్బన్ ఫైబర్ గుల్ల, దాని మీద కార్బన్ తొడుగులు, మామూలుకన్నా పల్చటి అద్దాలు. లోపల టచ్ స్క్రీన్ లేదు. డ్రైవరు ముందు నడిమధ్యన పెద్ద ఆర్‌పీఎం మీటరు, దానికి నిజమైన ముల్లు.

డ్రైవరు సీటు కూడా నడిమధ్యనే. ఇరువైపులా కాస్త వెనగ్గా రెండు సీట్లు. ఎఫ్1 నుంచి వచ్చిన ఈ అమరికలో నేను చూసేది వింత కాదు, సవ్యత. పెడళ్లు కాళ్లకు సూటిగా ఉంటాయి, రెండు వైపుల అంచులూ ఒకే దూరంలో కనిపిస్తాయి. ఎడమవైపు నడిచే దేశంలోనూ కుడివైపు నడిచే దేశంలోనూ అదే బండి. ముగ్గురు ఎక్కాక కూడా పక్క అరల్లో సామానుకు చోటుంటుంది. షిరాన్‌లో ఇద్దరికే సీట్లు, ముందు చిన్న పెట్టె పట్టేంత చోటు. అయినా షిరాన్ వెడల్పు టి.50 కన్నా దాదాపు 19 సెంటీమీటర్లు ఎక్కువ.

వెనక ఉన్న 400 మిల్లీమీటర్ల ఫ్యాను గురించి విడిగా చెప్పాలి. 1978లో మర్రే బ్రాభమ్ బీటీ46బి రేసు కారుకు పెద్ద ఫ్యాను పెట్టారు. అది కారు కింది గాలిని లాగేసి నేలకు అతుక్కునేలా చేసింది. స్వీడన్ గ్రాండ్ ప్రిలో నికీ లాడా దానితో గెలిచారు, మిగతా జట్లు గగ్గోలు పెట్టాయి, ఆ కారు మళ్లీ రేసుకు రాలేదు. టి.50 ఫ్యాను పని వేరు. కారు అడుగు వెనక చివర నిటారుగా పైకి లేస్తుంది. అంత ఏటవాలు మీద గాలి అంటిపెట్టుకుని ఉండదు, విడిపోయి సుడులు తిరుగుతుంది. ఉపరితలానికి ఆనుకున్న ఆ నిదానపు గాలి పొరను ఫ్యాను పీల్చేస్తుంది, దాంతో మిగతా గాలి ఒంపును వదలదు. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు నేలకు అదిమే బలం రెట్టింపవుతుందని కంపెనీ లెక్క. అందుకే బండి పైభాగంలో పెద్ద రెక్కలు, కోతలు అక్కర్లేకపోయాయి. కష్టమంతా కిందికి దించి పైన గీత శుభ్రంగా ఉంచారు. షిరాన్ వెనక రెక్క బ్రేకు వేసినప్పుడు లేచి గాలికి అడ్డం నిలబడుతుంది. అదీ పనిచేస్తుంది, కానీ వేగాన్ని గాలికి ఎదురు నిలబడి తగ్గించడానికీ, గాలిని ఒప్పించి చక్రాల పట్టు పెంచడానికీ తేడా ఉంది. నా ఓటు రెండో దానికే.

టి.50లో లోపాలు లేవని నేను అనను. ముఖం సాదాగా ఉంది, ఎఫ్1 నీడ మరీ దట్టంగా పడింది. మర్రే తర్వాత తెచ్చిన టి.33లో ఫ్యాను లేదు, అంటే ఆయన పద్ధతికి ఫ్యాను ప్రాణాధారం కాదు. పైగా 12,100 ఆర్‌పీఎం దాకా తిరిగే ఇంజను పూర్తి బలం 11,500 దగ్గరే ఇస్తుంది. రోడ్డు మీద అక్కడిదాకా తీసుకెళ్లే సందర్భాలు అరుదు. 2,500 దగ్గరే డెబ్భై శాతం పైగా టార్కు దొరుకుతుంది కాబట్టి బండి మొరాయించదు, కానీ దాని అసలు పాట వినాలంటే ఖాళీ రోడ్డు, ధైర్యం రెండూ కావాలి.

ఇప్పుడు రెండింటినీ ఒకే త్రాసులో వేద్దాం. షిరాన్ బలం టి.50 కన్నా రెండింతలు పైమాటే, 1,500కి 663. టన్ను బరువుకు ఎంత బలం అని అడిగితే షిరాన్‌కు సుమారు 750, టి.50కి 665. రెండింతల బలం పోసి, నాలుగు టర్బోలు, పది రేడియేటర్లు మోసి బుగాటి సంపాదించిన ఆధిక్యం పదమూడు శాతం. గరిష్ఠ వేగంలో షిరాన్‌దే పైచేయి, అందులో వాదన లేదు. కానీ వంపు తిరిగే రోడ్డు మీద బరువుకు జవాబు లేదు. మలుపులో వెయ్యి కిలోలు అదనంగా మోసే టైర్లకు ఎన్ని కంప్యూటర్లు తోడున్నా అవి మోయాల్సింది మోయాల్సిందే. అందుకే డిజైన్‌గా టి.50ను నేను పైమెట్టున పెడతాను.

ఈలోగా అంకెల పందెం విలువ కూడా పడిపోయింది. క్రొయేషియాకు చెందిన రిమాట్స్ నెవెరా అనే ఎలక్ట్రిక్ కారు నాలుగు మోటార్లతో, 1,914 హార్స్‌పవర్‌తో రెండు సెకన్లలోపే వంద దాటుతోంది. ఆ రిమాట్స్‌తో కలిసి 2021లో కొత్త కంపెనీగా మారిన బుగాటి తన తర్వాతి కారును పూర్తి ఎలక్ట్రిక్ చేయలేదు. 2024 జూన్‌లో చూపించిన టూర్బియోన్‌లో టర్బోలు పోయాయి. 8.3 లీటర్ల పదహారు సిలిండర్ల ఇంజను 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, దాన్ని రూపొందించడంలో భాగస్వామి కాస్‌వర్త్, టి.50 ఇంజను చేసిన కంపెనీయే. మీటర్లు స్విట్జర్లాండ్ గడియారాల పనివాళ్లు చేసిన ముళ్ల మీటర్లు. టర్బోలు లేని ఇంజను, నిజమైన ముల్లు, ఈ రెండింటికీ టి.50లో మర్రే పట్టుబడినప్పుడు వాటిని పాతకాలపు మోజు అన్నవాళ్లున్నారు. షిరాన్‌లో ఒక్క స్పీడోమీటరుకే ముల్లు పెట్టిన బుగాటి ఇప్పుడు ఆ రెండింటినీ పూర్తిగా తీసుకుంది. దానితోపాటే మూడు ఎలక్ట్రిక్ మోటార్లు, 25 కిలోవాట్ అవర్ల బ్యాటరీ పెట్టి బలాన్ని 1,800కి తీసుకెళ్లింది. తూకం మాత్రం షిరాన్ దగ్గరే, రెండు వేల కిలోలకు కాస్త ఇవతలే, ఉండిపోయింది.